గెడ్డ వెంబడి తొట్లకొండకి

“గెడ్డ అంటే ఏంది అన్నా?” అని అడిగింది మా గుంపులోకి కొత్తగా వచ్చిన వరంగల్ అమ్మాయి. పొద్దున్న అయిదున్నర. సంక్రాంతి వెళ్ళిన మరుసటి ఆదివారం. భీమిలి రోడ్డు మీద, ఎర్రమట్టి దిబ్బలకి కాస్త ఇవతల, ఒక టీ బండి ముందు ఇరవై మందిమి చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాం.

“మీ వాగే” అన్నాను. “సీమలో వంక అంటారు. ఇటు మాకు గెడ్డ.”

“మరి వైజాగ్‌ల మా ఆఫీసు ఎనుక మోరీని కూడా గెడ్డ అంటున్నరు కదా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ అమ్మాయి అన్నది అక్షరాలా నిజం. విశాఖలో ఇప్పుడు మురుగు మోస్తున్న కాలవలు చాలా మటుకు ఒకప్పుడు కొండల మీది వాననీళ్ళని సముద్రానికి చేర్చిన గెడ్డలే. కట్టలు కట్టారు, పైన పలకలు వేశారు, ఇళ్ళ గొట్టాలన్నీ అందులోకి తిప్పారు. నీళ్ళు మారిపోయాయి, పేరు మాత్రం అలాగే ఉంది. పేర్లకి ఆ మొండితనం ఉంటుందని అప్పటికి నేను పెద్దగా ఆలోచించలేదు. సాయంత్రానికి ఆలోచించక తప్పలేదు.

నెలకో ఆదివారం నడిచే గుంపు మాది. ఇద్దరు బ్యాంకు వాళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, నలుగురైదుగురు సాఫ్ట్‌వేర్ పిల్లలు, రిటైరైన లెక్కల మేష్టారు ఒకరు, ఇంకా వస్తూ పోతూ ఉండేవాళ్ళు. ప్రతి నడకకీ ఎవరో ఒకరు ఆ చోటు గురించి నాలుగు మాటలు చెప్పాలన్నది మేం పెట్టుకున్న నియమం. దిబ్బల దగ్గర మొదలుపెట్టి, గెడ్డ వెంబడి సముద్రానికి దిగి, ఒడ్డునే దక్షిణానికి నడిచి తొట్లకొండ ఎక్కే ఈ దారిలో ఆ పని నాది. ఇదివరకు రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ ఒకే కథ. మూడోసారి అది మధ్యలో తెగిపోయింది. అదెలా తెగిందో చెప్పడానికే ఇదంతా.

దిబ్బల్లోకి దిగేటప్పటికి ఇంకా వెలుగు సరిగ్గా రాలేదు. రోడ్డు మీంచి చూస్తే జీడిమామిడి తోటలు, తాటిచెట్లు, మామూలు మెట్ట నేలలాగే ఉంటుంది. పది అడుగులు లోపలికి వేస్తే నేల ఒక్కసారిగా చీలి కిందికి పోతుంది. ఆ చీలికలోకి దిగితే అటూ ఇటూ ఇరవై ముప్పై అడుగుల ఎర్రటి గోడలు, కింద మెత్తటి ఇసుక. ఆ ఇసుక మీద మొన్నటి వానల్లో నీళ్ళు పారిన గీతలు ఇంకా చెరిగిపోలేదు. దిబ్బలకి ఒక పక్క పెద్దగెడ్డ, మరో పక్క చిట్టిగెడ్డ. మధ్యలో ఉన్న ఈ ఎర్రటి నేలనంతా వాన తన దారులుగా కోసేసుకుంది. మనం నడిచే ప్రతి సందూ నీళ్ళు వేసిందే.

సినిమా పాటల వల్ల ఈ చోటు తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు, ఇది ఎలా వచ్చిందన్నదే తెలియదు. ఆఖరి మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా పడిపోయింది. నీళ్ళు వెనక్కి తగ్గి, బోలెడంత ఇసుక నేల బయటపడింది. గాలి ఆ ఇసుకని తోసుకొచ్చి ఇక్కడ పోగేసింది. ఆ తర్వాత వేల ఏళ్ళ పాటు ఎండా వానా కలిసి ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలని తుప్పు పట్టించాయి. ఒక్కో రేణువు మీదా ఆ తుప్పే ఎర్రటి పూతలా అంటుకుంది. గోడని వేలితో గీకితే రాలేది మట్టి కాదు, రంగేసిన ఇసుక. ఇటువంటివి తమిళనాడు తీరంలో ఉన్నాయి, వాటిని అక్కడ తేరి అంటారు. శ్రీలంకలోనూ ఉన్నాయి. ఇక్కడి వాటి గురించి 1886లోనే విలియం కింగ్ అనే భూవిజ్ఞాని రాశాడు. జియోలాజికల్ సర్వే వాళ్ళు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది.

ఇవన్నీ చెప్పి, “వీటి పేరు మాత్రం చూడండి, ఎర్రమట్టి దిబ్బలు, అంతే” అన్నాను. లెక్కల మేష్టారు తల ఊపారు. “చూసింది చూసినట్టు పెట్టారు. సుఖం” అన్నారు. ఆయన ఏ మాటన్నా సమీకరణం తేలిపోయినట్టే అంటారు.

ఈ దిబ్బల్లో రాతియుగపు మనుషులు వాడిన చిన్న చిన్న రాతి పనిముట్లు దొరికాయి. వాళ్ళు ఈ చోటుని ఏమని పిలుచుకున్నారో మనకి ఎప్పటికీ తెలియదు. వాళ్ళకీ ఇక్కడికి రావడానికి పెద్ద కారణం ఈ గెడ్డలే అయి ఉంటాయని నా ఊహ. తీరంలో ఉప్పునీళ్ళకి కొదవ లేదు, కావలసింది తాగే నీళ్ళు. ఆ ఆలోచన అప్పటికి అక్కడే వదిలేశాను.

ఇసుక సందులు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ వెడల్పవుతూ చివరికి సరుగుడు చెట్ల మధ్య నుంచి సముద్రపు గాలి తగిలింది. ఒడ్డు వెంబడి దక్షిణంగా తిరిగాం. పెద్దగెడ్డ మొగ దగ్గర నీళ్ళు మోకాలి కింద దాకానే ఉన్నాయి. వానాకాలం అయిపోయాక కెరటాలు ఇసుకని తెచ్చి మొగకి అడ్డంగా మేట వేస్తాయి, గెడ్డ దాని వెనక చెరువులా నిలబడి ఎక్కడో ఒక మూల సన్నగా దారి చేసుకుంటుంది. బూట్లు విప్పి చేతుల్లో పట్టుకుని దాటాం. అవతల పదిహేను మంది రెండు వరసల్లో నిలబడి వల లాగుతున్నారు. మాలో కొందరు సాయం పట్టారు, కాసేపటికే చేతులు చూసుకున్నారు. వలలో వచ్చిన దానికన్నా లాగిన మనుషులు ఎక్కువ అనిపించింది.

ఇక్కణ్ణుంచి నాలుగైదు కిలోమీటర్లు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎండ ఎక్కింది. కాపులుప్పాడ వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా నగరం రోజూ పారబోసే చెత్త వాసన వచ్చింది. మంగమారిపేట దగ్గర రాతి తోరణం ముందు ఫొటోలు దిగాం. ఇడ్లీలు తిన్నాం. ఒకరి చెప్పు తెగింది.

తొట్లకొండ పెద్ద ఎత్తేం కాదు, సముద్రమట్టం మీద 128 మీటర్లు. పైదాకా తారు రోడ్డుంది, కార్లు పోతాయి. మేం ఆ రోడ్డు మొదట్లోనే ఒక వేపచెట్టు నీడన కూలబడ్డాం. పైకి వెళ్తే అందరూ తలో దిక్కుకి పోతారు గనక కథ ఇక్కడే చెప్పేయడం నా అలవాటు.

ఆ కథ ఇది. 1976లో నేవీ వాళ్ళు స్థావరం కోసం ఆకాశంలోంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీద ఏవో కట్టడాల జాడలు కనిపించాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. కొండ మీద ఒక పెద్ద బౌద్ధ విహారం బయటపడింది. మహాస్తూపం, మొక్కుబడిగా కట్టిన చిన్న స్తూపాలు, చైత్యాలు, స్తంభాల సభామండపం, వరసలుగా భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల. శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ల వెండి నాణేలు. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ వందకు పైగా భిక్షువులు ఉండేవారు. సముద్రం మీద పోయే ఓడలు ఈ స్తూపాన్ని చూసి ఉంటాయి. తర్వాత మూడో శతాబ్దం వచ్చేసరికి వెలుగు తగ్గింది, కొండ ఖాళీ అయింది, అడవి కప్పేసింది. “అలా పదిహేడు వందల ఏళ్ళు మరుగున పడ్డ కొండని 1976లో కనిపెట్టారు” అని నేను ఆగే చోట, వినేవాళ్ళు పైకి ఒకసారి చూస్తారు. రెండుసార్లూ చూశారు.

ఈసారి చూసేలోపు వెనక నుంచి ఒక గొంతు వినబడింది. నాలుగు ఆవులు, ఒక దూడ, వాటి వెనక కర్ర పట్టుకుని ఒక ముసలాయన. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో చూడలేదు.

“ఏటి బాబూ సెప్తన్నారు?”

“ఈ కొండని ఎలా కనిపెట్టారో చెప్తున్నాను తాతా.”

“కనిపెట్టడమేటి? కొండేటైనా తప్పిపోనాదా?”

నవ్వులు. నేను కొంచెం సర్దుకుని, నేవీ, సర్వే, తవ్వకాలు అని మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని, “అయ్యన్నీ తరవాతి మాటలు. తొట్లకొండ ఎప్పుడూ ఇక్కడే ఉంది. మా సిన్నప్పుడు గొడ్లని పైకి తోలీవోళ్ళం. వానలు ఎల్లిపోనాక కూడా తొట్లల్ల నీళ్ళుండీవి. గొడ్లు తాగీవి, మేవూ తాగీవోళ్ళం” అన్నాడు.

“ఆ తొట్లు ఎవరు చెక్కారో అప్పట్లో ఎవరైనా చెప్పేవారా?”

“మా తాతకే తెల్దు, నాకెలాగ తెలుస్తాది? నీళ్ళున్నాయి, తాగినాం.” దూడ రోడ్డు మీదికి పోతుంటే దాని వెనక వెళ్ళిపోయాడు.

“అన్నా, మరి కనిపెట్టింది ఎవలు?” అంది వరంగల్ అమ్మాయి. నేను జవాబు చెప్పకుండా నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాను.

తొట్లకొండ అన్న పేరుని నేను అప్పటికి వందసార్లు పలికి ఉంటాను. అందులో ఒక తొట్టి ఉందనీ, ఆ తొట్టిలో నీళ్ళు తాగిన గొడ్డు ఉందనీ, ఆ గొడ్డుని తోలుకొచ్చిన మనిషి ఉన్నాడనీ ఎప్పుడూ వినబడలేదు. నిజానికి ఆ పేరు నాకు పుస్తకాల కన్నా ముందే తెలుసు. మా అమ్మమ్మ పుట్టిల్లు భీమిలి దగ్గర ఒక పల్లె. 1958లో పెళ్ళయి విజయనగరం వెళ్ళిపోయింది. ఎండలో వడియాలు పెట్టినప్పుడల్లా ఆకాశం వైపు చూసి, “మా ఊళ్ళో అయితే తొట్లకొండ మీద మబ్బు చూసి ఎత్తీసీవోళ్ళం, ఇక్కడేటి చూస్తాం?” అనేది. ఆవిడ దృష్టిలో అది వాన సంగతి చెప్పే కొండ. బుద్ధుడితో ఆవిడకి పని లేదు. ఆకాశంలోంచి ఎవరో చూడటానికి పద్దెనిమిదేళ్ళ ముందే ఆ ఊరు వదిలిన మనిషి నోట్లో ఆ పేరు ఉంది. ఇది చరిత్రకారులు సాక్ష్యంగా ఒప్పుకునేది కాకపోవచ్చు. నాకు మాత్రం సరిపోతుంది.

పైకి ఎక్కుతూ దీని గురించే ఆలోచించాను. తవ్వకాల్లో దొరికిన ఒక బ్రాహ్మీ శాసనాన్ని బట్టి ఈ కొండకి పాత పేరు సేనగిరి అయి ఉంటుందని పండితులు చెబుతారు. గంభీరమైన పేరు. రాతి మీద చెక్కించిన పేరు. అయినా అది ఆ రాతితో పాటే భూమిలోకి పోయింది. కొండ మీద ఎవరూ లేని అన్ని వందల ఏళ్ళలో, కింది పల్లెల వాళ్ళు తమకి కనబడినదాన్ని బట్టి, తమకి పనికొచ్చినదాన్ని బట్టి ఇంకో పేరు పెట్టుకున్నారు. స్తూపం ఇటుకల గుట్ట అయిపోయింది, చైత్యం ముళ్ళపొద అయిపోయింది. తొట్లు మాత్రం తొట్లుగానే ఉన్నాయి, వాన పడితే నిండాయి. ఒక విహారంలో వాడుకలోంచి తప్పుకోకుండా మిగిలింది ఏదైనా ఉందంటే అది నీళ్ళు పట్టే గుంట ఒక్కటే. ఆ గుంట పేరుతోనే కొండ మనకి చేరింది.

ఇదొక్క కొండకే పరిమితం కాదు. ఇక్కణ్ణుంచి దక్షిణాన, తిమ్మాపురం వైపు లోపల బావికొండ. అక్కడ పురావస్తు శాఖ 1982 నుంచి 1987 దాకా తవ్వింది. స్తూపంలో ధాతుకరండాలు బయటపడ్డాయి. ఒక పాత్రలో ఎముక ముక్క దొరికింది, అది బుద్ధుడి అవశేషమని నమ్మేవాళ్ళున్నారు. ఎముక మాట ఎవరికీ తెలియని రోజుల్లోనే ఆ కొండకి బావుల పేరుంది, వాననీళ్ళు పట్టుకోవడానికి తవ్విన గుంటల వల్ల. భీమిలి ఊరి మీద పావురాలకొండ. దాని మీదా బౌద్ధ విహారం శిథిలాలున్నాయి, రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి. కానీ అక్కడ పేరు పావురాలది, లేదా అక్కడి గుడి వల్ల నరసింహస్వామిది. అంటే జనం ఎప్పుడూ నీళ్ళనే గుర్తుపెట్టుకుంటారని నేను సూత్రం కట్టడానికి వీల్లేదు. మేష్టారు దగ్గరుంటే కట్టనివ్వరు కూడా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను జనం జ్ఞాపకాన్ని మరీ మురిపెంగా చూస్తున్నట్టవుతుంది. అనకాపల్లి దగ్గర శంకరం అని ఒక ఊరు. సంఘారామం అన్న మాట అరిగి అరిగి శంకరం అయింది. శివుడికి దాంతో సంబంధం లేదు. అక్కడి బొజ్జన్నకొండని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ తవ్వాడు. బుద్ధుడు ఊరివాళ్ళ నోట్లో బొజ్జన్న అయ్యాడు. బొజ్జన్న అయినవాడు దేవుడైనా కావచ్చు, రాక్షసుడైనా కావచ్చు. కనుమ నాడు అక్కడ చేరి రాళ్ళు విసిరే ఆచారం మొన్నమొన్నటి దాకా ఉండేది. పేరు బతికింది, ఆ పేరున్న మనిషి మీద రాళ్ళు పడ్డాయి. కాబట్టి ఊరిపేరు ఏదో ఒక సత్యాన్ని పదిలంగా దాచిపెడుతుందని నేననను. ఎవరికి ఏది కావాలో అది దాస్తుంది. తొట్లకొండ కింద జనానికి నీళ్ళు కావాల్సి వచ్చాయి.

పైన తొట్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాం. ఈ కొండ రాయి ఖొండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని పెట్టిన పేరది. కొండవాళ్ళ పేరుని రాయికి పెట్టారు గానీ, ఆ రాతి కొండలు ఎవరివి అన్న తగువులో వాళ్ళ పేరు అంత తేలిగ్గా రాదు. అది వేరే వ్యాసం. ఈ రాయి తొలవడానికి మరీ మొండికేయదు. అందులోకి అడుగుల లోతున, అంచులు తిన్నగా ఉండేట్టు గుంటలు తొలిచారు. ఒక గుంట అంచు మీద కూర్చుని కింద నిలిచిన ఆకుపచ్చ నీళ్ళు చూస్తుంటే నాకొక చిన్న సందేహం వచ్చింది. ఇదివరకు రెండుసార్లూ రాలేదు, సిగ్గుచేటు.

భిక్షువుకి తొట్టి ఎందుకు? తొలినాళ్ళ బౌద్ధ నియమం ప్రకారం భిక్షువు తిరుగుతూ ఉండాలి. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఉండాలి, దాన్నే వర్షావాసం అంటారు. వానాకాలంలో కొండ మీద నీళ్ళకి ఇబ్బంది లేదు. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే అందులో చాలా భాగం జూన్ నుంచి నవంబరు లోపలే. నీళ్ళ ఇబ్బంది మాఘం వెళ్ళాక మొదలవుతుంది, చైత్ర వైశాఖాల్లో ముదురుతుంది. అప్పటికి భిక్షువు దారి పట్టి ఎక్కడో ఉండాలి గదా. రాతిని అంత శ్రమపడి తొలిచి నీళ్ళు దాచుకున్నారంటే ఎండాకాలం కూడా ఇక్కడే ఉండదలుచుకున్నారన్నమాట. తిరగడం మానేసి, ఇల్లు కట్టుకున్నారు. వంటశాల కూడా అదే చెబుతుంది. రోజూ భిక్షకి పోయేవాడికి అంత వంటశాల అవసరం లేదు. స్తూపం వాళ్ళ నమ్మకాన్ని చూపిస్తుంది. వాళ్ళు ఎలా బతికారో తెలుసుకోవాలంటే తొట్లూ పొయ్యిలూ చూడాలి.

శాతవాహనుల కాలానికే చెందిన పడమటి కనుమల గుహల్లో, కన్హేరి, జున్నర్ లాంటి చోట్ల, నీటి తొట్టిని పోఢి అన్నారు. ఫలానా వ్యాపారి పోఢి దానం చేశాడు, ఫలానా ఇల్లాలు పోఢి దానం చేసింది అని అక్కడి శాసనాల్లో కనబడుతుంది. గుహ చెక్కిస్తే ఎంత పుణ్యమో, పక్కన నీళ్ళ గుంట తొలిపిస్తే అంత పుణ్యం. మన చలివేంద్రాలకి అది దూరపు బంధువు అనుకోవచ్చు. ఆ దాతల్లో కొందరి పేర్లు అక్కడ రాళ్ళ మీద ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ ఈ తొట్టి అంచు మీద నాకే పేరూ కనబడలేదు. తొలిచిన కూలి పేరు ఎలాగూ ఎక్కడా ఉండదు.

కొండ ఖాళీగా, లోకానికి దూరంగా కనిపిస్తుంది గనక భిక్షువులు లోకాన్ని వదిలి ఇక్కడ కూర్చున్నారని మనకి అనిపిస్తుంది. దీన్ని గట్టిగా పరీక్షించినవాడు లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు. 2006లో ‘ఆర్కియాలజీ ఆఫ్ ఎర్లీ బుద్ధిజం’ అనే పుస్తకం వేశాడు. ఆ పుస్తకానికి కేంద్రం తొట్లకొండే. నాకు నచ్చింది ఆయన పద్ధతి. విహారాన్ని ఇంకా తవ్వడం మీద కాకుండా, చుట్టూ ఉన్న నేలంతా నడిచి చూడటం మీద పని పెట్టుకున్నాడు. ఇటువంటి సర్వేలో మనుషులు వరసగా, కొంత ఎడంగా నిలబడి, నేల మీదే చూపు పెట్టి ఒకే దిక్కుకి నడుస్తారు. కుండపెంకు కనిపిస్తే రాసుకుంటారు, పేర్చిన రాళ్ళు కనిపిస్తే కొలుచుకుంటారు. మళ్ళీ పక్క వరస. తేలిందేమిటంటే, కొండ చుట్టూ మనుషుల జాడలు దండిగా ఉన్నాయి. పోయినవాళ్ళ గుర్తుగా పేర్చిన రాళ్ళ గుట్టలే చాలా ఉన్నాయి. విహారం ఏకాంతం కోరుకుంది, అదే సమయంలో కింది జనం లేకుండా బతకలేకపోయింది. ఆ రెండింటి మధ్య లాగులాటే ఆయన పుస్తకం.

అది చదివినప్పుడు నాకు పండితుల చర్చలాగే ఉంది. ఆ రోజు వేపచెట్టు కిందికి ఆవులు తోలుకొచ్చిన మనిషిని చూశాక కొంచెం వేరుగా అర్థమైంది. కొండకీ కింది జనానికీ మధ్య ఆ రాకపోకలు విహారం ఖాళీ అయినా ఆగలేదు. పైన భిక్షువులు లేరు, గొడ్లు వెళ్ళాయి. మేత, నీళ్ళు, కట్టెలు. ‘మరుగున పడింది’ అని నేను చెప్పిన పదిహేడు వందల ఏళ్ళలో ఈ కొండ ఏ ఒక్క రోజూ ఎవరికీ తెలియకుండా లేదు. దాన్ని గురించి కాగితం మీద రాయగలిగినవాళ్ళకి తెలియలేదు, అంతే. నేవీ వాళ్ళనీ పురావస్తు శాఖనీ నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళు లేకపోతే ఆ నాణేలూ శాసనాలూ ఇంకా ముళ్ళపొదల కిందే ఉండేవి, కొండ ఎప్పుడో కంకర అయిపోయి ఉండేది. ఋషికొండ తల చెక్కేసిన రోజుల్లో బతుకుతున్నాం. నాకు పేచీ ‘కనిపెట్టడం’ అన్న ఒక్క మాటతోనే, అదీ దాన్ని రెండుసార్లు నా నోటితో నేనే అన్నాను గనక.

మహాస్తూపం దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. బాగుచేసి నిలబెట్టిన ఈ స్తూపం 2019 అక్టోబరు వానలకి కూలిపోయింది. పేపర్లలో పెద్దగా వచ్చింది. ఎవరి తప్పన్న చర్చ జరిగింది. మేష్టారు నా పక్కన నిలబడి, “ఆ వానకి తొట్లు నిండే ఉంటాయి కదా” అన్నారు. అంతే అని నీడలోకి వెళ్ళిపోయారు.

దిగేటప్పుడు ముసలాయన కోసం చూశాను, కనబడలేదు. పేరైనా అడగలేదు. రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం ఒక కిరాణా కొట్టు ముందు నిలబడ్డాం. ఎదురుగా కొండ వాలుని చదును చేసి లేఅవుట్ వేశారు. కమాను కట్టి, దాని మీద ఇంగ్లీషు పేరేదో పెద్ద అక్షరాల్లో రాశారు. సముద్రం, సంధ్య, స్వర్గం, అలాంటిదేదో. కమాను పక్క నుంచి ఒక సన్నటి పల్లం రోడ్డు దాకా వచ్చి, కొత్త సిమెంటు గోడకి తగిలి ఆగిపోయింది. అడుగున ఎర్రమట్టి, రెండు కొబ్బరి బొండాలు, ఒక సిమెంటు సంచి.

“అదేంది?” అని కొట్టాయన్ని అడిగింది వరంగల్ అమ్మాయి.

“అదాండి? గెడ్డండి” అన్నాడాయన చిల్లర లెక్కపెడుతూ. “ఇప్పుడు లేదనుకోండి.”